సినగాగ్‌లో పెద్దవాళ్ల క్లాసులకు వెళ్లాలనుంది, దేనితో మొదలుపెట్టాలి?

నెల్లూరు టీచర్ (రాక్‌విల్, మేరీలాండ్):

అందరికీ నమస్కారం. నెల్లూరులో హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు మా అబ్బాయి వాళ్ల దగ్గర ఉంటున్నాను. మా పక్కింటివాళ్లు యూదులు, భార్యాభర్తలిద్దరూ డెబ్బై దాటినవాళ్లే. ఆవిడా నేనూ సాయంత్రాలు కలిసి నడుస్తాం. మొన్న ఆవిడ తమ సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) వాళ్లు అచ్చువేసిన చిన్న పుస్తకం తెచ్చిచ్చారు. సెప్టెంబరు నుంచి వచ్చే జూన్ దాకా పెద్దవాళ్ల కోసం ఏమేం క్లాసులున్నాయో, ఏమేం కార్యక్రమాలున్నాయో అంతా అందులో ఉంది. "నచ్చినదానికి రండి, నేనే తీసుకెళ్తా" అన్నారు.

చదువుతుంటే నాకు భలే ముచ్చటేసింది. శనివారం పొద్దున తోరా పఠనం, వారం మధ్యలో హీబ్రూ అక్షరాలు, తాల్ముద్ అనే ధర్మచర్చల గ్రంథం పరిచయం, నెలకొకసారి పుస్తక చర్చ, సినిమాలు, క్లెజ్మర్ అనే యూదుల జానపద సంగీత కచేరీ, బయటి నుంచి ఒక పండితుణ్ణి పిలిపించి శుక్రవారం నుంచి ఆదివారం దాకా ప్రసంగాలు, ఎండాకాలం మొదట్లో ఒకరోజు రాత్రంతా మేలుకొని చదువు! ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, మనవలున్నవాళ్లు ఇంత శ్రద్ధగా బల్ల ముందు కూర్చుని చదువుకుంటారని నాకు తెలియదు.

నా సందేహాలు ఇవి. యూదులు కానివాళ్లు ఇలా వెళ్లి కూర్చోవచ్చా? మావాడేమో "మతం మార్చుకోమంటారేమో అమ్మా" అని టెన్షన్ పడుతున్నాడు. కోడలు మాత్రం వెళ్లమనే అంటోంది. నాకు పాత నిబంధన కథలు కొన్ని తెలుసు, హీబ్రూ ఒక్క ముక్క రాదు. ఇంగ్లీషు చదువుతాను, మాట్లాడాలంటే కాస్త నెమ్మది. నేను శాకాహారిని, గుడ్డు కూడా తినను. ఇన్నింటిలో దేనితో మొదలుపెడితే బాగుంటుంది? వెళ్లినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

బెజవాడ బ్యాంకు (సిల్వర్ స్ప్రింగ్):

టీచర్ గారూ, తప్పకుండా వెళ్లండి. నేను బ్యాంకులో పనిచేసి ఇక్కడికి వచ్చాక, మా పేటలోని సినగాగ్‌లో ఇలాంటి క్లాసులకు చాలాకాలంగా వెళ్తున్నాను. మీ ప్రశ్న చూడగానే పని పక్కన పెట్టి రాస్తున్నాను.

ముందు మీ అబ్బాయి భయం సంగతి. మా మతంలోకి రండి అని పిలవడం యూదుల పద్ధతి కాదు. ఎవరైనా తమంతట తాము వచ్చి చేరతామన్నా రబ్బీ (వాళ్ల మతగురువు) మూడుసార్లు వెనక్కి పంపాలన్నది పాత ఆనవాయితీ. ఆ తర్వాత కూడా నెలల తరబడి చదివించి, అడగాల్సినవి అడిగి, అప్పుడే చేర్చుకుంటారు. ఇన్నేళ్లలో నన్ను ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు. నా నమ్మకం ఏమిటని అడిగారు, ఆసక్తిగా విన్నారు, అంతే.

ఇక దేనితో మొదలుపెట్టాలన్నది. చాలామంది కచేరీతోనో సినిమాతోనో మొదలుపెట్టమంటారు. మీరు తెలుగు చెప్పినవారు కాబట్టి నా మాట వినండి, శనివారం పొద్దున తోరా పఠనానికే వెళ్లండి. మిగతావన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే. తోరా అంటే మోషే ఐదు కాండాలు. వాటిని 54 భాగాలు చేసి వారానికింత చొప్పున ఏడాదిలో పూర్తిచేస్తారు. శరదృతువులో సిమ్హత్ తోరా పండగనాడు ద్వితీయోపదేశకాండం ఆఖరి అధ్యాయం చదివి, ఆగకుండా అదే రోజు ఆదికాండం మొదటి అధ్యాయం ఎత్తుకుంటారు. మీ పక్కింటావిడ చదివే భాగమే ఆ వారం బొంబాయిలోనూ బ్యూనస్ ఎయిరీస్‌లోనూ చదువుతూ ఉంటారు.

ఒక వారం ఎలా ఉంటుందో చెప్తాను. నవంబరు ప్రాంతంలో ఆదికాండం 18 నుంచి 22 దాకా వస్తుంది. మా బల్ల చుట్టూ పదిహేను మందికి అటూ ఇటూగా ఉంటారు. రిటైరైన లాయరు, నర్సు, ప్రభుత్వాఫీసులో గణాంకాలు చూసే ఆయన, వాకర్ పట్టుకుని వచ్చే పెద్దావిడ. ప్రతి ఒక్కరి ముందూ లావుపాటి పుస్తకం ఉంటుంది. అందులో హీబ్రూ ఒకవైపు, ఇంగ్లీషు ఒకవైపు, కింద వ్యాఖ్యానం. ఒకరు గట్టిగా చదువుతారు. సొదొమ ఊరిని నాశనం చేస్తానని దేవుడంటే, అక్కడ యాభైమంది మంచివాళ్లుంటేనో అని అబ్రాహాము అడుగుతాడు. నలభై ఐదు, నలభై, ముప్పై, ఇరవై అంటూ పది దాకా దించుకొస్తాడు. అదే భాగం చివర దేవుడు "నీ కొడుకు ఇస్సాకును బలి ఇవ్వు" అంటే మాత్రం, తెల్లవారుజామునే లేచి గాడిదకు గంత కట్టి బయల్దేరతాడు. నర్సు పుస్తకం మీద వేలుపెట్టి అడిగింది: ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసం అంత బేరమాడిన మనిషి, కన్నకొడుకు దగ్గరికి వచ్చేసరికి ఒక్క మాటైనా అనలేదేం?

ఇక చూడండి. ఒకరు అది విశ్వాసం అన్నారు. లాయరు గారు కాదు, ఆ పరీక్షలో ఆయన ఫెయిలయ్యాడు అన్నారు. ఆ కొండ మీద చివర్లో మాట్లాడింది దేవదూత, ఆ తర్వాత దేవుడు అబ్రాహాముతో నేరుగా మాట్లాడినట్టు ఎక్కడా లేదు, కావాలంటే వెతకండి అన్నారు. అందరూ పేజీలు తిప్పారు. పెద్దావిడ, వెంటనే తర్వాతి అధ్యాయంలో శారా చనిపోతుంది గమనించారా అంది. రబ్బీ ఎవరి మాటా కొట్టెయ్యలేదు. నావైపు తిరిగి మీకేమనిపిస్తోంది అని అడిగారు.

నేను సిరియాళుడి కథ చెప్పాను. శ్రీనాథుడి హరవిలాసం మీకు నేను చెప్పాలా? జంగమ వేషంలో శివుడొచ్చి నరమాంసం అడగడం, చిరుతొండ నంబి, తిరువెంగనాచి కలిసి కన్నకొడుకునే వండి పెట్టడం, చివరికి బిడ్డ తిరిగి రావడం, నా ఇంగ్లీషులో నాకు చేతనైనట్టు చెప్పాను. బల్ల అంతా నిశ్శబ్దంగా వింది. ఆపైన నర్సు అడిగింది: అయితే మీ కథలో తల్లికి తెలుసా? తెలియడమేమిటి, తల్లి చేతుల మీదుగానే జరిగింది అన్నాను. మరి మా కథలో శారాను అడిగినట్టే లేదు కదా, ఆవిడ ఆ పొద్దున ఎక్కడుంది అని మొదలైన వాదన మేం లేచేదాకా ఆగలేదు. రెండు కథల్లో ఏది ఎక్కువ భయంకరం అన్నదాని మీద లాయరు గారు పార్కింగ్ దగ్గర కూడా నన్ను వదల్లేదు.

అందుకే మిమ్మల్ని అటు వెళ్లమంటున్నాను. ఏమీ తెలియని అతిథిలా గోడవారన కూర్చోకండి. ప్రబంధాలు, పురాణాలు జీవితమంతా పాఠం చెప్పినవారు మీరు. ఒక పద్యానికి అన్వయం ఎలా చెయ్యాలో, కవి ఒక మాట ఎందుకు మింగేశాడో పిల్లల చేత ఆలోచింపజేసినవారు. ఆ బల్ల దగ్గర జరిగేది సరిగ్గా అదే పని. మీ ఇంగ్లీషు నెమ్మదైతే వాళ్లు ఆగుతారు.

కొంచెం అలవాటయ్యాక తాల్ముద్ క్లాసుకు వెళ్లండి. ఆ పేజీ అమరికే చూడముచ్చటగా ఉంటుంది. మధ్యలో మూలం, లోపలి పక్క 11వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఉన్న రాషీ వ్యాఖ్యానం, బయటి పక్క ఆయన మనవల తరం నుంచి మొదలైన పండితుల ఆక్షేపణలు. 1520లలో వెనిస్‌లో డేనియల్ బోంబెర్గ్ అచ్చువేసిన నాటి నుంచి ఇదే అమరిక. మల్లినాథసూరి వ్యాఖ్యతో కాళిదాసును చదివినవారికి ఈ పేజీ కొత్తగా అనిపించదు. అందులో అఖ్నాయ్ పొయ్యి కథ తప్పకుండా అడిగి చెప్పించుకోండి. ఒక పొయ్యి శుద్ధమా కాదా అని వాదం. రబ్బీ ఎలియేజరు తన మాటే నిజమని రుజువుగా చెట్టును కదిలిస్తాడు, కాలువను వెనక్కి పారిస్తాడు, చివరికి ఆకాశవాణి కూడా ఆయనదే రైటంటుంది. అప్పుడు రబ్బీ యెహోషువా లేచి, తోరా ఇప్పుడు ఆకాశంలో లేదు, మా మధ్య ఉంది, తేల్చాల్సింది మేమే అంటాడు. దేవుడేమో నవ్వి, నా పిల్లలు నన్ను గెలిచారు అంటాడట. వాళ్లు పెద్దవయసులో కూడా ఎందుకు చదువుతారో నాకు ఈ కథతో బోధపడింది. ఆ చదువు పూజకు పక్కన జరిగే పని కాదు, పూజలో భాగమే. క్లాసు ముగిశాక పది మంది పెద్దలుంటే గురుశిష్యుల కోసం ఒక ప్రార్థన కూడా చెప్తారు.

ఏడాది క్రమం గురించి ఒక మాట. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే కొత్త సంవత్సరానికి, యోమ్ కిప్పూర్ ఉపవాసానికి సినగాగ్ కిక్కిరిసి ఉంటుంది, చాలాచోట్ల సీట్లకు ముందే టికెట్లు తీసుకోవాలి. అప్పుడు వెళ్లకండి. ఆ వెంటనే వచ్చే సుక్కోత్‌కు మాత్రం పిలిస్తే వెళ్లండి, ఆకులూ కొమ్మలూ కప్పిన పందిట్లో కూర్చోబెట్టి అన్నం పెడతారు. అసలు క్లాసులు ఈ పండగలన్నీ అయ్యాకే ఊపందుకుంటాయి. వాళ్లదీ మన లాగే చాంద్రమాన మాసాల లెక్క, ఎండాకాలం పండగ చలికాలంలోకి జరిగిపోకుండా 19 ఏళ్లలో ఏడుసార్లు అధికమాసం వేస్తారు. మనకు ఒక్కోసారి ఒక్కో మాసం అధికం అవుతుంది, వాళ్లకు ఎప్పుడూ అదారు మాసమే. ఆ అదారులో పూరీమ్ వస్తుంది, ఎస్తేరు గ్రంథం మొత్తం చదువుతారు, ఆ కథలో దుర్మార్గుడైన హామాను పేరు వచ్చినప్పుడల్లా పెద్దవాళ్లు కూడా గిలకలు తిప్పి గోల చేస్తారు. ఆ గ్రంథం మొదటి వాక్యంలోనే మన దేశం ఉంది, రాజు ఏలిన 127 సంస్థానాలు ఇండియా దగ్గర మొదలవుతాయి. అది చదివేటప్పుడు మావాళ్లు నావైపు చూసి నవ్వుతారు.

మీరు రాసిన రాత్రంతా మేలుకొనే చదువు షవువోత్ పండగది, పస్కా పండగ రెండో రోజు నుంచి లెక్కిస్తే యాభయ్యో రోజున వస్తుంది. మన శివరాత్రి జాగారం లాంటిదే, కాకపోతే భజనకు బదులు పాఠాలు. గదికో విషయం పెట్టుకుని తెల్లారేదాకా చదువుతారు, మధ్యలో చీజ్‌కేక్ పెడతారు. మర్నాడు రూతు గ్రంథం. ఊరుగాని ఊరు వచ్చి అత్తగారితో ఉండిపోయిన కోడలి కథ అది. మీ కోడల్ని కూడా తీసుకెళ్లండి.

తిండి విషయం జాగ్రత్తగా వినండి. మాంసం, పాలు ఒకే భోజనంలో కలపరు. శనివారం ప్రార్థన తర్వాత పెట్టేది ఎక్కువగా పాల భోజనమే, కాబట్టి మాంసం ఉండదు. కానీ చేపను వాళ్లు మాంసం కింద లెక్కవెయ్యరు. ట్యూనా, గుడ్డు సలాడ్ పక్కపక్కనే ఉంటాయి. హలా రొట్టెలోనూ, కుగెల్ అనే నూడుల్స్ వంటకంలోనూ సాధారణంగా గుడ్డు పడుతుంది. హమ్మస్, కూరగాయలు, పండ్లు, మామూలు బేగెల్ మీకు పనికొస్తాయి, బేగెల్‌లో కూడా గుడ్డు వేసిన రకం ఉంటుంది గనక అడగండి. ప్రేమకొద్దీ పులిహోర చేసి పట్టుకెళ్లకండి. వాళ్ల వంటగది కోషర్ అనే ఆహార నియమాలతో నడుస్తుంది, బయట వండినది లోపలికి రానివ్వరు.

మా దగ్గర శనివారం పెన్నూ పుస్తకం తీయరు, ఫోన్ తీయరు, ఫొటోలు అసలే వద్దు. సబ్బాతు అనే ఆ విశ్రాంతి దినాన రాయడం పని కింద లెక్క. కొన్ని సినగాగ్‌లలో ఇంత పట్టింపు ఉండదు, పక్కింటావిణ్ణి అడిగి తెలుసుకోండి. మగవాళ్లు తలమీద చిన్న టోపీ పెట్టుకోవాలి, గుమ్మం దగ్గర బుట్టలో ఉంటాయి. మీరు చీర కట్టుకుని హాయిగా వెళ్లచ్చు.

ఇంకొకటి. గుమ్మం దగ్గర బ్యాగు చూస్తారు, పేరు ముందే నమోదు చేసుకోమంటారు, ఒక్కోసారి పోలీసు కూడా నిలబడి ఉంటాడు. మిమ్మల్ని అనుమానించి కాదు. 2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్‌లో ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగ్‌లో సబ్బాతు పొద్దున ఒకడు తుపాకీతో వచ్చి 11 మందిని చంపాడు. అంత జరిగాక కూడా వాళ్లు మనలాంటి బయటివాళ్లకు తలుపు తీస్తున్నారు. నాకు దాని మీద చాలా గౌరవం.

ఫెయిర్‌ఫాక్స్ వాసి:

టీచరమ్మా, నమస్తే. పై అక్కయ్య చెప్పినదంతా బాగుంది, కానీ దేనితో మొదలుపెట్టాలన్న దగ్గర నాది వేరే మాట. అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని మొదటిరోజే అభిప్రాయం చెప్పమంటే ఇబ్బంది పడేవాళ్లుంటారు. నేను అలాంటివాణ్ణే. నాకు తలుపు తీసింది సంగీతం, ఉపన్యాసాలు. హాల్లో వెనక వరసలో కూర్చుంటే ఎవరూ ఏమీ అడగరు, విని రావచ్చు.

వాషింగ్టన్ డౌన్‌టౌన్‌లో సిక్స్త్ అండ్ ఐ అనే పాత సినగాగ్ ఉంది, మెట్రోలో వెళ్లిపోవచ్చు. 1908లో కట్టారు. యూదులు ఆ పేట వదిలి వెళ్లాక 1951 నుంచి యాభై ఏళ్లు అది నల్లజాతీయుల చర్చి. చర్చి వాళ్లు వేరేచోటికి మారినప్పుడు నైట్‌క్లబ్ అవ్వబోతుంటే ముగ్గురు వ్యాపారులు కలిసి కొని నిలబెట్టారు, 2004లో మళ్లీ తెరిచారు. ఇప్పుడు అక్కడ ప్రార్థనలతో పాటు రచయితల ప్రసంగాలు, కచేరీలు, క్లాసులు అన్నీ జరుగుతాయి. ఏ మతం వాళ్లయినా టికెట్ కొనుక్కుని వెళ్లచ్చు. ఒక్కసారి ఆ గుమ్మటం కింద కూర్చుని చూడండి.

క్యాపిటల్ జ్యూయిష్ మ్యూజియం కూడా చూడండి, 2023లో తెరిచారు. 1876లో కట్టిన సినగాగ్ భవనాన్ని కూల్చకుండా ఎత్తి చక్రాల మీద జరిపి తెచ్చి మ్యూజియంలో కలిపారు. దాని ప్రారంభానికి అధ్యక్షుడు గ్రాంట్ స్వయంగా వచ్చి కూర్చున్నారట. పస్కా రోజుల్లో పుస్తకాల క్లాసు ఏదైనా ఉంటే, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్న వాషింగ్టన్ హగ్గదా (పస్కా భోజనం వేళ చదివే పుస్తకం) గురించి చెప్పమనండి. 1478లో జోయెల్ బెన్ సిమియోన్ చేతిరాతతో బొమ్మలు వేసి చేసిన ప్రతి.

రోజుకో తాల్ముద్ పేజీ చదివే పద్ధతి కూడా ఒకటుంది, 1923లో పోలండు రబ్బీ మేయర్ షాపిరో మొదలుపెట్టించారు. 2,711 పేజీలు, ఏడున్నరేళ్లు. ఇప్పుడు నడుస్తున్న విడత 2020 జనవరిలో మొదలైంది, 2027 జూన్‌లో ముగుస్తుంది. ఆ ముగింపు సభలు జరిగేటప్పుడు మీరు ఇక్కడే ఉంటే వెళ్లండి, చదువు పూర్తయినందుకు అంతమంది కలిసి పండగ చేసుకోవడం చూడాల్సిందే.

తెనాలి నుంచి:

అమెరికా సంగతులు నాకు తెలియవు గానీ ఒక్క విషయం చెప్పాలి. మీరు వెళ్లే చోట "ఇండియాలో యూదులు" అని ఒక సాయంత్రం తప్పకుండా పెడతారు. 1568 నాటి కొచ్చి పరదేశి సినగాగ్ చూపిస్తారు, బొంబాయి బెనె ఇజ్రాయెల్ వాళ్ల గురించి, కలకత్తా బాగ్దాదీ యూదుల గురించి చెప్తారు. అక్కడితో ఆపేస్తారు. తెలుగు మాట్లాడే యూదులున్నారని మీరు లేచి చెప్పండి మేడమ్.

గుంటూరు నుంచి మా తెనాలి వచ్చే దారిలో చేబ్రోలు వస్తుంది కదా, ఆ పక్కనే కొత్తరెడ్డిపాలెం. అక్కడ బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం ఉంది. తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతి అని వాళ్లు చెప్పుకుంటారు. చిన్న సినగాగ్ కట్టుకున్నారు, సబ్బాతు పాటిస్తారు, పిల్లలకు హీబ్రూ నేర్పుతారు. ఎక్కువగా మాదిగ కుటుంబాలు, చాలామంది కూలికి వెళ్లేవాళ్లే. వాళ్లు నిజంగా యూదులేనా అని బయటివాళ్లు లక్ష అడుగుతారు. ఇజ్రాయెల్ ఇంకా వాళ్లను గుర్తించలేదు. నా మటుకు నాకు, ఊళ్లో తమను కిందికి తోసిన లెక్కను ఒప్పుకోకుండా తమ కథ తాము చెప్పుకుని, దానికి తగ్గట్టు కష్టపడి చదువుకుంటున్నవాళ్లంటే చాలా గౌరవం. విదేశాల నుంచి పరిశోధకులు వచ్చి వాళ్ల మీద పుస్తకం కూడా రాశారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లం మాత్రం ఎక్కువగా పట్టించుకోలేదు. మేరీలాండ్‌లో ఒక తెలుగు టీచరు వాళ్ల గురించి చెప్తే నాకు ఆనందం.

నెల్లూరు టీచర్:

అందరికీ చాలా థాంక్స్. మీ జవాబులు మా అబ్బాయికి చదివి వినిపించాను. మతం సంగతి తీరింది గానీ, పోలీసు ఉంటాడన్న మాటకు కాస్త కంగారు పడ్డాడు. మొదటిరోజు తనే దింపుతానన్నాడు. కొత్తరెడ్డిపాలెం గురించి నాకసలు తెలియదు, అంత దగ్గర్లో ఉండి కూడా. తెనాలి బాబూ, తప్పకుండా చెప్తాను.

సిరియాళుడి కథ చదివాక ఇంక ఆలోచించేదేముంది, శనివారం బల్ల దగ్గరికే వెళ్తాను. ఫెయిర్‌ఫాక్స్ బాబు చెప్పిన గుమ్మటం కిందికి కోడల్ని తీసుకుని ఒక ఆదివారం వెళ్తాం. హీబ్రూ అక్షరాల క్లాసులో కూడా పేరు ఇవ్వాలా? ఈ వయసులో వస్తుందంటారా? ఇంకా, మొదటి రోజుకు ముందుగా ఏమైనా చదువుకుని వెళ్లాలా?

బెజవాడ బ్యాంకు:

అక్షరాలకు పేరివ్వండి టీచర్ గారూ. ఉన్నవి 22, అందులో ఐదింటికి మాట చివర వస్తే వేరే రూపం. కుడి నుంచి ఎడమకు రాస్తారు. అచ్చులకు గుర్తులు హల్లుల కిందా మీదా చుక్కలుగా, గీతలుగా పెడతారు. గుణింతం నేర్పిన చేతికి అదేం కష్టం కాదు. అర్థం తర్వాత వస్తుంది, ముందు కూడబలుక్కుని చదవడం వస్తే చాలు. రాత సాధన ఇంట్లో ఆదివారం పూట చేసుకోండి.

క్లాసు ఫీజు ఉంటే సభ్యులకొక రేటు, బయటివాళ్లకొక రేటు ఉండొచ్చు. డబ్బు ఇబ్బంది అయితే ఆఫీసులో చెప్తే సాధారణంగా సర్దుబాటు చేస్తారు. పుస్తకాలు కొనకండి. సెఫారియా అనే ఉచిత వెబ్‌సైటులో మూలం, ఇంగ్లీషు, రాషీ అన్నీ పక్కపక్కనే ఉన్నాయి, మీ అబ్బాయిని ఫోన్లో పెట్టిమ్మనండి.

సిమ్హత్ తోరా అయిన వెంటనే వచ్చే శనివారం వెళ్లండి, ఆదికాండం మొదలయ్యేది అప్పుడే, అందరూ మీతో పాటే మొదటి పేజీలో ఉంటారు. ఆ వారం భాగం 1వ అధ్యాయం నుంచి 6వ అధ్యాయం 8వ వచనం దాకా. ముందురోజు ఇంట్లో తెలుగు బైబిల్లోనే చదువుకోండి. 1వ అధ్యాయంలో స్త్రీపురుషుల్ని ఒకేసారి చేసినట్టుంటుంది, 2వ అధ్యాయానికి వచ్చేసరికి ముందు పురుషుడు, తర్వాత అతని పక్కటెముకతో స్త్రీ. మా బల్ల దగ్గర ఏటా మొదటి గొడవ దాని మీదే. రాషీ అయితే ఇంకా ముందే, అసలు ధర్మశాస్త్రం సృష్టి కథతో ఎందుకు మొదలవ్వాలి, మొదటి ఆజ్ఞతో మొదలుపెట్టొచ్చుగా అని అడుగుతాడు. మీరు ఆ రెండు అధ్యాయాలూ చదివి మీ ప్రశ్న ఒకటి పట్టుకెళ్లండి. ఆ వారం ఎవరు ఏమన్నారో వచ్చి ఇక్కడ రాయండి, నాకు వినాలనుంది.